శంషాబాదు దిగితే ఇల్లు వచ్చినట్లు కాదు

విమానం దిగి టాక్సీ ఎక్కితే గంటలో ఇంట్లో ఉంటామని హైదరాబాదు వారు చెప్పుకుంటూ ఉంటారు. నిజామాబాదు జిల్లా వారికి ఆ యోగం లేదు. మా జిల్లాలో విమానాశ్రయం లేదు. జక్రాన్‌పల్లి దగ్గర ఒకటి కడతారన్న మాట ఏళ్ళ తరబడి వింటున్నాము గాని, ఆ నేల మీద ఇంతవరకు విమానమేదీ వాలలేదు. కనుక బోధను మనిషి లండను నుంచి వచ్చినా, మస్కటు నుంచి వచ్చినా దిగవలసింది శంషాబాదులోనే. అక్కడి నుంచి నిజామాబాదు దాదాపు 200 కిలోమీటర్లు. బోధనుకు మరో 25. దుబాయి నుంచి శంషాబాదుకు నాలుగు గంటల లోపే వచ్చేస్తాము. శంషాబాదు నుంచి ఇంటికి మళ్ళీ నాలుగు గంటలు. ఆకాశంలో ఎంతసేపో నేల మీదా అంతసేపే!

అందుచేత మావంటి వారికి విమానాశ్రయంలో ఎక్కడ కూర్చోవాలి, బయటికి వచ్చి ఏ బండి ఎక్కాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు. ఈమధ్య మేమిద్దరమూ దుబాయిలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి వచ్చాము. ఆ రాకపోకలలో చూచినవీ, తెలుసుకున్నవీ నాలుగు మాటలు చెబుతాను.

ముందు లాంజి సంగతి. లాంజి అంటే మరేమీ కాదు, పూర్వం రైలు స్టేషన్లలో ఉండే మొదటి తరగతి వెయిటింగు రూముకు మనుమడు. మెత్తని కుర్చీలు, చల్లని గాలి, కాఫీ టీలు, ఒక పక్కన ఇడ్లీ ఉప్మాలు, మరో పక్కన పేరు తెలియని దొరల వంటలు. మా ఆవిడ ఉప్మా రుచి చూచి, "జీడిపప్పు ఉంది గాని అల్లం లేదు" అని తీర్పు చెప్పింది. బ్యాంకు కార్డు ఉన్నవారి దగ్గర చాలాచోట్ల రెండు రూపాయలు మాత్రమే గీకించుకుంటారు. లేనివారు మనిషికి వెయ్యికి పైగా చెల్లించుకోవాలి. అయితే ఆ రెండు రూపాయలను నమ్ముకొని వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మూడు నెలలలో ఇంత ఖర్చు పెడితేనే లాంజికి రానిస్తామని ఈ మధ్య చాలా బ్యాంకులు షరతులు పెట్టాయి. బయలుదేరే ముందు ఇంట్లోనే కనుక్కోవడం మంచిది. గుమ్మం దాకా వెళ్ళి, వరుసలో నిలబడి, కార్డు చెల్లదనిపించుకొని వెనక్కు రావడం పెద్దవాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది.

ఏ లాంజి మంచిదని అడిగితే, వంటకాలు ఎక్కువ ఉన్నది కాదు, మన గేటుకు దగ్గరగా ఉన్నది అంటాను నేను. స్వదేశీ విమానాల వైపు లాంజి వేరు, విదేశీ విమానాల వైపుది వేరు. ఇందులో ఎక్కవలసినవారు అందులోకి పోవడానికి వీలులేదు. సాధారణంగా రెండు మూడు గంటలకు మించి ఉండనివ్వరు. ఇంకొక సంగతి: చాలా లాంజిలలో విమానం బయలుదేరుతున్నదని ఎవరూ కేక వేయరు. కడుపు నిండా తిని, మెత్తని కుర్చీలో కునుకు తీశామా, అంతే సంగతులు. మోకాళ్ళ నొప్పులవారూ, వేళకు మందులు వేసుకునేవారూ ఇంట్లో ఉంటే మాత్రం లాంజి దండగ కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి, వేడినీళ్ళు, కాలు చాపుకునే చోటు వారికి విందు భోజనం కంటె ఎక్కువ.

అయితే ఈ లాంజిలు ఎక్కువగా వెళ్ళేవారి కోసమే ఉన్నాయి. తనిఖీలన్నీ దాటి లోపలికి పోయినవారికే అవి దక్కుతాయి. తిరిగి వచ్చేవారి గతి వేరు. పెట్టె చేతికి రాగానే తలుపులు మనల్ని బయటికి పంపిస్తాయి. ఇక సాగనంప వచ్చినవారి గతి మరీ వేరు. టిక్కెట్టు లేనిదే లోపలికి రానివ్వరు గనుక, వారి లాంజి ఆరుబయటి గట్లూ మెట్లే.

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు బేగంపేటలో దిగేవాళ్ళము. అప్పుడూ ఇప్పుడూ అక్కడ ఏ అర్ధరాత్రి చూచినా మా ఉత్తర తెలంగాణ జిల్లాల వారు కనిపిస్తారు. 1970ల నాటి చమురు గిరాకీతో మొదలైన గల్ఫు ప్రయాణాలు నిజామాబాదు, కరీంనగరు పల్లెలలో నేటికీ ఆగలేదు. పల్లెకు పదిమంది కలిసి వస్తారు. స్టీలు టిఫినులో పులిహోర, ప్లాస్టిక్ సంచిలో మామిడికాయ తొక్కు, తాళ్ళతో బిగించి కట్టిన పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు. వెళ్ళే కుర్రవాడు నవ్వుతూనే ఉంటాడు. తల్లి మాత్రం పెట్టెకు కట్టిన తాడును పదే పదే సవరిస్తూ ఉంటుంది.

మేము తిరిగి వచ్చిన రాత్రి విమానం రెండున్నరకు దిగింది. ఫోను తెరవగానే కబురు. మా ఆవిడ అన్నగారికి గుండెనొప్పి వచ్చి, నిజామాబాదులో ఒక ఆసుపత్రిలో చేర్చారట. ఉదయం ఎనిమిది గంటలకు లోపలికి తీసుకుపోయి స్టెంటు వేస్తారట. బావగారికి డెబ్బై నాలుగేళ్ళు. బోధను చక్కెర ఫ్యాక్టరీ పాన్ హౌసులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి.

అమ్మాయి దుబాయి నుంచి ఫోను చేసి, "రాత్రివేళ రోడ్డు మీద వెళ్ళవద్దు నాన్నా. అక్కడే గంటల లెక్కన గదులిస్తారు. తెల్లవారాక బయలుదేరండి" అంది. అది తెలివైన మాటే. మా ఆవిడ ఒక్కటే అంది: "గదీ వద్దు, గాదీ వద్దు. లోపలికి తీసుకుపోక ముందే అన్నయ్యను చూడాలి."

లెక్క వేశాము. విమానాశ్రయం నుంచి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులున్నాయి. అందులో సికింద్రాబాదు వెళ్ళి, జూబిలీ బస్ స్టేషనులో నిజామాబాదు బస్సు ఎక్కవచ్చు. తొందర లేనివారికి అది చవకైన, సుఖమైన దారి. కాచిగూడ నుంచి రైళ్ళూ ఉన్నాయి. కాని ఎనిమిది గంటలకు చేరాలంటే రెండూ కుదరవు. ఇక మిగిలింది టాక్సీ. ఫోనులో పిలిచే టాక్సీలు నగరంలోకి తేలికగా వస్తాయి. నిజామాబాదు అనేసరికి, ఖాళీగా తిరిగి రావాలి గనుక రానూపోనూ డబ్బు అడుగుతారు. ఒకతను ఒప్పుకున్నాడు గాని, అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దుటి నుంచి బండిలోనే ఉన్నానన్నాడు. నేను వద్దన్నాను. రాత్రి ప్రయాణానికి టాక్సీ ఎంచుకోవడమంటే బండిని చూడటం కాదు, డ్రైవరు కళ్ళను చూడటం.

అప్పుడు పార్కింగు వైపు నడిచాను. మా జిల్లా బండ్లు ఆ వేళ అక్కడ తప్పక ఉంటాయి. గల్ఫుకు వెళ్ళేవారిని దింపి వెనక్కు పోయేవి. ఏడుగురు కూర్చునే బండి ఒకటి కనిపించింది. డ్రైవరు సాయంత్రం నుంచి దానిలోనే పడుకొని, అప్పుడే ముఖం కడుక్కుంటున్నాడు. "బోధన్ దిక్కేనా?" అన్నాను.

"ఎడపల్లి దాకా సార్. కని బండి వాళ్ళది. వాళ్ళనడుగాలె" అన్నాడు.

వాళ్ళంటే ఒక ముసలాయన, కోడలు, ఆమె ఒడిలో నాలుగేళ్ళ పిల్లవాడు. కొడుకును మస్కటు విమానం ఎక్కించడానికి వచ్చారు. సంగతి చెప్పాను. ముసలాయన మా ఆవిడ ముఖం చూచి, "పాణం మీది ముచ్చటనాయె, అడుగుడేంది సారూ, ఎక్కుండ్రి" అన్నాడు. కిరాయి మొత్తం మేమిస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. "సగం మీది, సగం మాది" అన్నాడు. బేరం ముగిసింది.

అవుటర్ రింగు రోడ్డు మీదుగా మేడ్చలు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నగరంలోకి వెళ్ళనక్కరలేదు. 158 కిలోమీటర్ల ఆ వలయం మావంటి వారికి చేసిన మేలు అదే. తూప్రాను దగ్గర టీ తాగించాను. డ్రైవరుకు నిద్ర లేకపోయినా టీ ఇప్పించాలి. ఆ పది రూపాయలకు వెనుకాడరాదు. పిల్లవాడు లేచి, ఆకాశంలో ఎర్రదీపం ఒకటి కదిలిపోతుంటే చూచి, "బాపు గండ్లనే ఉన్నడా?" అని అడిగాడు. తల్లి "ఆఁ" అన్నది. అంతకు మించి ఎవ్వరమూ మాట్లాడలేదు.

కామారెడ్డి వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. అప్పుడు ముసలాయన కదిలాడు. వాళ్ళకు మూడెకరాల నిజాంసాగరు తడి. ఫ్యాక్టరీ నడిచిన రోజులలో చెరకు వేసేవారట. ఇప్పుడు వరి. "చెరుకున్నప్పుడు మావోడు ఏ దేశం పోలె సారూ. పర్మిట్ అచ్చిందంటె బండ్లు కట్టుకొని శక్కర్‌నగరు పోవుడే. రాత్రంత ఆడ్నే పండుడు" అన్నాడు. ఆ మాట నా చెవులలో ఉండిపోయింది. ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బండ్ల వరుస, ఎడ్ల మెడగంటలు, చలిమంటలు. అదీ రాత్రంతా వేచి ఉండటమే. కాని ఆ వేచి ఉండటంలో తెల్లవారితే డబ్బు చేతికి వచ్చి, అందరూ ఇంటికే పోయేవారు.

చిన్నవారికి తెలియదు గనుక చెబుతున్నాను. మంజీర నది మీద నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీటిని నమ్ముకొని 1937లో బోధను దగ్గర నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగరు అనే ఊరే పుట్టింది. ఆసియాలో పెద్ద ఫ్యాక్టరీలలో ఒకటని పేరుండేది. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి కాలువల వెంబడి ఊళ్ళు కట్టుకున్నారు. ఈనాటికీ వాటిని క్యాంపులనే పిలుస్తారు. ఎక్కడెక్కడి వారో పని వెతుక్కుంటూ బోధనుకు వచ్చిన రోజులవి. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. మళ్ళీ తెరుస్తామన్న మాట చాలాసార్లు వినిపించింది.

డిచ్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు విడిచి ఎడమకు తిరిగాము. గుట్ట మీది రామాలయం లేత ఎండలో మెరిసింది. ఇందూరు అని పాత పేరున్న నిజామాబాదు, పసుపు వాసనల ఊరు. ఒకప్పుడు దాశరథిగారిని బంధించిన కోటగుట్ట దూరాన కనిపించింది. ఆసుపత్రి ముందు బండి ఆగేసరికి ఏడు కాలేదు. బావగారు మంచం మీద లేచి కూర్చొని, "ఇంత రాత్రి ఎందుకు వచ్చారమ్మా" అని చెల్లెలిని కోప్పడ్డారు. ఆమె ఆయన చేయి పట్టుకొని వదలలేదు, వాళ్ళు లోపలికి తీసుకుపోయేదాకా. పదింటికి అంతా సవ్యంగా జరిగిందని చెప్పారు.

రెండు వారాల తరువాత బావగారిని చూడటానికి శక్కర్‌నగరు వెళ్ళినప్పుడు దారిలో ప్రయాణం కథంతా చెప్పాను. ఆయన విని, "మా పాన్ హౌసులో షిఫ్టు మారే సైరను మోగితే ఊరంతా గడియారం సరిచేసుకునేది. ఇప్పుడు ఊరు చూసుకునే టైము మస్కటుదీ, దుబాయిదీ" అన్నారు. నిజమే. ఎడపల్లిలో ఆ కోడలికి, అక్కడ ఇప్పుడెంత అయిందో వేళ్ళ మీద లెక్కపెట్టడం నాలుగేళ్ళుగా అలవాటట.

వెళ్ళినవారందరూ నడిచి తిరిగిరారు. అదే విమానాశ్రయంలో సరుకుల ద్వారం గుండా వచ్చే పెట్టెలు కూడా ఉన్నాయి. వాటిని ఊరికి చేర్చడానికి ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తున్నది. గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం 2024లో ప్రకటించింది. ఆ ద్వారం దగ్గర నిలబడేవారికి కుర్చీ కంటె మంచినీళ్ళు ఇచ్చే మనిషి అవసరం.

కనుక శంషాబాదు మీదుగా మా జిల్లాకు వచ్చే పాఠకులకు నా సలహా ఇంతే. వెళ్ళేటప్పుడు కార్డు ఉంటే లాంజిలో కూర్చోండి, తప్పులేదు. ఉప్మాలో అల్లం కోసం వెతకవద్దు. వచ్చేటప్పుడు తొందర లేకపోతే తెల్లవారనిచ్చి బస్సో రైలో ఎక్కండి. తొందర ఉంటే, నిద్రపోయి లేచిన డ్రైవరును చూచుకోండి. మా జిల్లా వైపు పోయే బండి ఏదైనా ఉందేమో ఒకసారి అడగండి. ఒంటరిగా పోయే 200 కిలోమీటర్లు చాలా దూరం. నలుగురితో పోతే అంత దూరం అనిపించదు.

మొన్న ముసలాయన ఫోను చేశాడు. కొడుకుకు పని బాగానే ఉందట. రెండేళ్ళకు సెలవు ఇస్తారట. "మావోడు అచ్చేటప్పుడు చెప్త సారూ. మీరు గూడ దుబాయి పోయేదుంటె గప్పుడే పెట్టుకోండ్రి. ఒక్కటే బండి జేసుకుందం" అన్నాడు.

మా ఆవిడ ఆ తారీఖును గోడ క్యాలెండరు వెనుక వ్రాసి పెట్టింది.