ఐరన్ లెగ్

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా సాఫ్ట్‌బాల్ జట్టుకు ఎన్ని నమ్మకాలుండేవో చెబితే ఇప్పటి తమ్ముళ్లు నవ్వుతారు. గెలిచిన రోజు వేసుకున్న బనీను ఉతికేవాళ్లం కాదు. బ్యాటుకు నిమ్మకాయ తాకించనిదే గేటు దాటేవాళ్లం కాదు. అంతవరకు సరదానే. కానీ వరసగా రెండు మ్యాచ్‌లు ఓడాక, ఆ రెండుసార్లూ మాతో వచ్చిన మిత్రుడికి 'ఐరన్ లెగ్' అని పేరు పెట్టాం. మూడో మ్యాచ్‌కు వాణ్ణి హాస్టల్లోనే వదిలేసి వెళ్లాం. వాడు గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం.

మరునాడు మా పీఈటీ సారు సాఫ్ట్‌బాల్‌కు అన్నలాంటి బేస్‌బాల్ కబుర్లు చెప్పారు. అమెరికాలో వేడ్ బాగ్స్ అనే గొప్ప బ్యాటర్ ప్రతి మ్యాచ్‌కు ముందు చికెనే తినేవాడట. చికెన్ పెట్టే రోజు కోసం కాచుకునే మేము పగలబడి నవ్వాం. "అంత తిన్నా, ఆయన ఉన్న 11 సీజన్లలో బోస్టన్ రెడ్ సాక్స్‌కు కప్పు రాలేదురా" అన్నారు సారు.

ఆ జట్టు కథ మేము పెద్దయ్యాక పూర్తిగా చదివాం. 1918లో కప్పు గెలిచాక రెడ్ సాక్స్ తన మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేసింది. మళ్లీ కప్పు చూసింది 2004లోనే. ఆ 86 ఏళ్ల కరువుకు 'బాంబినో శాపం' అని పేరు. బాంబినో అంటే రూత్ ముద్దుపేరు.

కానీ 1945లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు ఇదే జట్టు మైదానంలో ఆడి చూపించాడు. వాళ్లు తీసుకోలేదు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అతన్ని ఆడించింది, 1955లో అతనితోనే కప్పు గెలిచింది. పెద్ద లీగుల్లోని జట్లన్నిటిలో చిట్టచివరగా, 1959లో గానీ రెడ్ సాక్స్ ఒక నల్లజాతి ఆటగాణ్ణి దించలేదు. తలుపు మూసింది తామే, తప్పు మాత్రం శాపానిది!

ఇంకొకటి. 2003లో షికాగో కబ్స్ మ్యాచ్‌లో ఒక ప్రేక్షకుడు గ్యాలరీ వైపు వచ్చిన బంతిని అందుకోబోయాడు. ఫీల్డరు పట్టలేకపోయాడు. తర్వాత ఆటగాళ్లే తేలికైన బంతి వదిలేసి ఓడారు. జనం మాత్రం ఆ ఒక్కడి మీదే పడ్డారు. 108 ఏళ్ల తర్వాత 2016లో కప్పు గెలిచిన ఆ జట్టు, 2017లో అతనికి విజేతల ఉంగరం ఇచ్చింది.

ఇవి చదివినప్పుడు మాకు గేటు దగ్గర నిలబడ్డ మిత్రుడే గుర్తొచ్చాడు. మన తాతలు ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగిన వాళ్లున్నారు. ఆ మాటలు పడ్డ ఇళ్ల నుంచి వచ్చిన మేమే అదే మాట ఇంకొకడి మీద వేశాం. ఆ రోజుల్లో మేము ఓడింది క్యాచ్‌లు వదిలేసి. ఆ సంగతి మాకప్పుడే తెలుసు.

మిత్రమా, మా దగ్గర ఉంగరం లేదు. ఇన్నేళ్లూ నోటితో చెప్పలేని క్షమాపణ ఈ సంచికలో చెబుతున్నాం. తమ్ముళ్లూ, నిమ్మకాయ మీ ఇష్టం. మనిషిని మాత్రం గేటు దగ్గర వదిలి వెళ్లకండి.