జానా అడుగూ కలిస్తే

పిల్లలూ, ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. పలకా బలపం అక్కర్లేదు. మీ చేతిలో అర రొట్టె ఉన్నది. మీ అమ్మ ఇంకో రొట్టెలో మూడో వంతు తుంచి పెట్టింది. ఇప్పుడు మీ దగ్గర మొత్తం ఎంత ఉన్నది?

కాగితం మీద ½ అనీ ⅓ అనీ రాసి, పైన ఉన్న ఒకటీ ఒకటీ కూడితే రెండు, కింద ఉన్న రెండూ మూడూ కూడితే ఐదు, కాబట్టి ⅖ అని చెప్పేవాళ్ళు ఏ తరగతిలో చూసినా కొందరుంటారు. వాళ్ళను చూసి నవ్వకండి. ఆ జవాబును మాత్రం కాస్త నిలదీయండి. ఐదు ముక్కల్లో రెండు ముక్కలంటే సగం కన్న తక్కువ. చేతిలో సగం ఉండగా, అమ్మ ఇంకా పెట్టిన తరవాత, సగం కన్న తక్కువ ఎట్లా అయింది? మధ్యలో కాకి ఎత్తుకుపోయిందా? జవాబును ఇట్లా ప్రశ్నించే అలవాటు ఉన్నవాడికి చాలా తప్పులు పలక మీదనే దొరికిపోతాయి.

భిన్నాలు బడిలో పుట్టాయని మీరనుకోవచ్చు. కాని అవి బడికి రాకముందే మన నోట్లో ఉన్నాయి. రెండున్నర, మూడుంబావు, ఐదుముప్పావు—ఇవన్నీ ఇంట్లో రోజూ వినే మాటలే. పుస్తకంలో వీటిని మిశ్రమ భిన్నాలంటారు. మిశ్రమం అంటే కలగలుపు. ఒక నిండు సంఖ్య, దాని పక్కన ఒక ముక్క, అంతే.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఇంట్లో పాల లెక్క అంతా ఆవిడదే. గోడ మీద సున్నపు బొట్లు పెట్టుకునేది. నెలాఖరున ఆ గోడకేసి చూస్తూ, "రెండున్నరా మూడుంబావూ ఐదుముప్పావు" అని మేము పలక వెతుక్కునే లోపల చెప్పేసేది. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. అరలో సగం పావు, పావులో సగం పరక, పరకలో సగం వీసం. వీసమంటే పదహారో వంతు. ఇవన్నీ ఒకే ఇంటి బిడ్డలు. ఒకదాన్ని చీల్చితే ఇంకొకటి వస్తుంది. అరను రెండు పావులు చేసుకుంటే, ఇంకో పావుతో కలిపి మూడు పావులు. దానికి పలక ఎందుకు?

అప్పటి డబ్బు కూడా ఇట్లాగే ఉండేది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలు అయినాయి గాని, అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. ముప్పావు రూపాయికి అర రూపాయి కలపాలంటే ఎవరూ భిన్నాలు రాసేవారు కాదు. పన్నెండణాలూ ఎనిమిదణాలూ ఇరవై అణాలు, అంటే రూపాయి పావలా. రెండు మొత్తాలనూ ఒకే చిన్న నాణెంలోకి మార్చుకోవటమే వాళ్ళు చేసిన పని.

చిక్కల్లా మూడో వంతుతో వచ్చింది. అరను మీరు ఎన్నిసార్లు సగం చేసుకుంటూ పోయినా మూడో వంతు రాదు. పావుకూ పరకకూ ఉన్నట్టు దానికొక పొట్టి పేరు కూడా మన వాడుకలో లేదు. రూపాయిని ముగ్గురికి పంచమంటే, ఐదణాలు పోగా ఇంకా నాలుగు దమ్మిడీలు లెక్క పెట్టాలి. అణాకు పన్నెండు దమ్మిడీలు ఉండబట్టి ఆ మాత్రమైనా తెగింది.

ఈ మూడో వంతూ పావూ ఒకసారి మా ఇంట్లో ఎదురెదురుగా నిలబడ్డాయి. అది సంక్రాంతి ముందు. అప్పటికి మా ఊరి కొట్లలోకి మీటర్లు రాలేదు, గుడ్డను గజాల్లోనే కొలిచేవారు. అమ్మ పట్నంలో తాను చివరి ముక్క ఒకటి చవగ్గా కొనుక్కొచ్చింది. నాలుగున్నర గజాలు, నెమలికంఠం రంగు. అక్కకూ చెల్లికీ చెరొక పరికిణీ కుట్టించాలని ఆవిడ ఆశ. ఆ రంగు గుడ్డ కొట్లో ఇక లేదు. ఉన్నా కొనటానికి ఇంట్లో డబ్బు లేదు.

గుడ్డను నీళ్ళలో ముంచి, ఆరేసి, మడిచి దర్జీ తాత దగ్గరికి పట్టుకెళ్ళాం. అక్క పాత పరికిణీని అమ్మ ఇంటి దగ్గరే కొలిచి చూసుకున్నది: రెండు గజాల మూడు జానలు గుడ్డ కావాలి. అమ్మ జాన గజంబద్ద మీద సరిగ్గా తొమ్మిది అంగుళాలు, కాబట్టి దానికి వంక లేదు. చెల్లిని దర్జీ తాతే టేపుతో కొలిచాడు. కుట్లకు పోయేదంతా చూసుకుని, "దీనికి గజం రెండడుగులు" అన్నాడు. తరవాత గుడ్డ పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"రెండూ రావమ్మా. పెద్దదానికి మూడు గజాలు అనుకో, చిన్నదానికి రెండు అనుకో. ఐదయింది. నువ్వు తెచ్చింది నాలుగున్నరే."

పాపం, ఆయన మాటలో అన్యాయం లేదు. చాలకపోతే నింద తనమీద పడుతుందని దర్జీ ఎప్పుడూ కొంచెం ఎక్కువే చెబుతాడు. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతుక్కోదు కదా!

అమ్మ ఏమీ అనలేదు. చెల్లి మాత్రం అక్క మొహంలోకి చూసింది. అక్క, "చెల్లికే కుట్టించవే అమ్మా" అన్నది గాని, చూపు గుడ్డ మీదనే ఉన్నది. కాసేపటికి నేల మీద కూర్చుని, నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి చెయ్యి బల్ల మీద ఆనించింది.

"తాతా, జానకు ఎన్ని బెత్తెళ్ళు?" అని అడిగింది.

"మూడు."

"అడుగుకు?"

"అడుగుకు నాలుగు. బెత్తెడంటే మూడు అంగుళాలే కదా!"

"మరి నాకు మూడు జానలు, అంటే తొమ్మిది బెత్తెళ్ళు. చెల్లికి రెండడుగులు, అంటే ఎనిమిది బెత్తెళ్ళు. మొత్తం పదిహేడు. పన్నెండు బెత్తెళ్ళయితే ఒక గజం నిండింది. ఇంకా ఐదు మిగిలాయి. నిండు గజాలు నావి రెండు, చెల్లిది ఒకటి, ఇప్పుడు నిండింది ఇంకొకటి. నాలుగు గజాల ఐదు బెత్తెళ్ళు చాలు. గుడ్డ నాలుగు గజాల ఒక మూర ఉన్నది. మూరకు ఆరు బెత్తెళ్ళు కదా తాతా!"

దర్జీ తాత కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ లెక్క విని ఊరుకోలేదు. గజంబద్ద తీసి గుడ్డను ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు కొలిచాడు. సుద్దతో గుర్తు పెట్టాడు. చివర సరిగ్గా బెత్తెడు గుడ్డ మిగిలింది. అప్పుడు గాని కత్తెర తీయలేదు. లెక్కను నమ్మటం, నమ్మిన తరవాత కూడా కొలిచి చూసుకోవటం—ఆ రెండూ ఉన్న మనిషి ఆయన. ఆ బెత్తెడు ముక్క చెల్లి బొమ్మకు చీర అయింది.

ఇప్పుడు అక్క చేసిందాన్ని మీ పుస్తకం భాషలో రాద్దాం. గజానికి నాలుగు జానలు, కాబట్టి మూడు జానలు ¾ గజం. గజానికి మూడడుగులు, కాబట్టి రెండడుగులు ⅔ గజం. చేయవలసిన లెక్క 2¾ + 1⅔.

భిన్నంలో గీత కింద ఉండేది హారం, పైన ఉండేది లవం. ముక్క ఏ జాతిదో హారం చెబుతుంది, అటువంటివి ఎన్ని ఉన్నాయో లవం చెబుతుంది. మూడు జానలనూ రెండడుగులనూ కలిపి "ఐదు" అంటే, ఐదు ఏమిటి? జానలా? అడుగులా? రెండూ కావు. అందుకని రెండింటినీ సరిగ్గా కొలవగల చిన్న ముక్క కావాలి. నాలుగు చేతా మూడు చేతా శేషం లేకుండా భాగింపబడే సంఖ్యల్లో అన్నిటికన్న చిన్నది 12. దాన్నే కనిష్ఠ సామాన్య గుణిజం, పొట్టిగా క.సా.గు. అంటారు. మా అక్క దాన్ని బెత్తెడు అన్నది. ¾ అంటే 9/12, ⅔ అంటే 8/12. మూడు జానలన్నా తొమ్మిది బెత్తెళ్ళన్నా గుడ్డ పెరగదు, తరగదు. 9/12 కు 8/12 కలిపితే 17/12, అంటే ఒకటీ 5/12. నిండు సంఖ్యలు రెండూ ఒకటీ మూడు. మొత్తం 4 5/12 గజాలు.

కొన్ని పుస్తకాల్లో 2¾ ను 11/4 గానూ, 1⅔ ను 5/3 గానూ మార్చి కూడమని ఉంటుంది. 33/12 కు 20/12 కలిపితే 53/12, మళ్ళీ అదే 4 5/12. తప్పేమీ లేదు. అయితే కూడికకు అంత శ్రమ ఎందుకని నా అభిప్రాయం. నిండు గజాలను బెత్తెళ్ళుగా తుంచి, కూడి, మళ్ళీ గజాలుగా కట్టటం బస్తా బియ్యాన్ని గుప్పిళ్ళతో కొలిచినట్టుంటుంది. గుణించేటప్పుడు ఆ పద్ధతి బాగా పనికొస్తుంది, అప్పటి దాకా దాచుకోండి.

హారాలు రెండింటినీ గుణిస్తే చాలదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. చాలు. కాని 2⅚ కు 1⅜ కలపవలసి వచ్చిందనుకోండి. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. 40/48, 18/48 కలిపి 58/48 వస్తుంది. దాన్ని తిరిగి కుదించుకోవాలి. 24 తో పోతే 20/24, 9/24, మొత్తం 29/24, అంటే ఒకటీ 5/24. నిండు సంఖ్యలు మూడు కలిపితే 4 5/24. చిన్న హారంతో చిన్న అంకెలు, తప్పు దొర్లే చోటు కూడా తక్కువ.

ఈ మెలకువ ఈనాటిది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతాల్లో, మహావీరాచార్యుడు "గణితసార సంగ్రహం" అనే సంస్కృత గ్రంథం రాశాడు. హారాలను ఊరికే గుణించకుండా వాటి క.సా.గు. తీసుకుని భిన్నాలను కూడమని అందులో ఉన్నది. ఆయన దానికి పెట్టిన పేరు "నిరుద్ధం". ఆ గ్రంథాన్నే తరవాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనకు దొరికిన తెలుగు గణిత గ్రంథాల్లో అది మొదటిదని పెద్దలు చెబుతారు. చూశారా, మన పెద్దలు భిన్నాలను పద్యాల్లో చదువుకున్నారు! ఆ కాలంలో లవానికీ హారానికీ మధ్య గీత గీసేవారు కాదు. మిశ్రమ భిన్నమైతే నిండు సంఖ్య పైన, దాని కింద లవం, దాని కింద హారం—మూడూ మెట్లలాగా ఒకదాని కింద ఒకటి రాసేవారు.

తరవాత మీటరు వచ్చింది. మీటరుకు నూరు సెంటీమీటర్లు. అర మీటరు యాభై, పావు మీటరు ఇరవైఐదు, ఎంతో సుఖం. కాని మూడో వంతు అడిగి చూడండి: ముప్పైమూడు సెంటీమీటర్లు, ఆపైన ఇంకో సెంటీమీటరులో మూడో వంతు! నూరును మూడు భాగించదు మరి. ఆ విషయంలో గజమే మంచిది. ముప్పైఆరు అంగుళాల గజం సగానికీ, మూడో వంతుకీ, పావుకీ, ఆరో వంతుకీ, తొమ్మిదో వంతుకీ చక్కగా తెగుతుంది. దర్జీల టేపు మీద ఇప్పటికీ అంగుళాలు ఉంటాయి, చూడండి.

అంతకన్న ఉదారమైనది గంట. అరవై నిమిషాలను రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, పది, పన్నెండు, పదిహేను—ఇన్ని సంఖ్యలు శేషం లేకుండా భాగిస్తాయి. మన పాత లెక్కలో రోజుకు అరవై ఘడియలు, ఘడియకు ఇరవైనాలుగు నిమిషాలు. అంటే గంటకు రెండున్నర ఘడియలు. అదీ మిశ్రమ భిన్నమే!

కాబట్టి గంటల మీదనే మీకొక లెక్క ఇస్తాను. మీరు ఉదయం సరిగ్గా 6 గంటలకు పెళ్ళికి బయలుదేరారు. బస్సులో 1¾ గంటలు పట్టింది. స్టేషనులో రైలు కోసం ⅗ గంట కూర్చున్నారు. రైలులో 3⅚ గంటలు ప్రయాణం చేశారు. పెళ్ళి స్టేషను ఎదుటి సత్రంలోనే. ముహూర్తం మధ్యాహ్నం 12 గంటల 15 నిమిషాలకు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడేవాడు తాను 10 గంటల 44 నిమిషాలకే చేరుకుని ఫలహారం కూడా చేస్తానని చెబుతాడు. అతని మాట వదిలెయ్యండి. మీరు నాలుగుకూ ఐదుకూ ఆరుకూ క.సా.గు. కట్టి, తలంబ్రాల వేళకు అందుకుంటారో లేదో, అందుకుంటే ఎన్ని నిమిషాలు ముందుగానో, మీ అమ్మకో నాన్నకో చెప్పండి.