రెండు గట్ల మధ్య

సంభావ్యత అనగానే అందరికీ పాచికలూ, పేకముక్కలూ గుర్తుకొస్తాయి. రైతు బిడ్డనైన నాకు మాత్రం మడి గుర్తుకొస్తుంది. యూనిఫాం డిస్ట్రిబ్యూషన్, అంటే ఏకరూప విభాజనం బొమ్మ అచ్చం చదును చేసిన మడే కదా! 'ఎ' ఒక గట్టు, 'బి' ఇంకో గట్టు. మధ్యలో ఎత్తు అంతటా ఒక్కటే. మొత్తం వైశాల్యం 1 కావాలి గనుక ఎత్తు 1/(బి - ఎ). ఏ ముక్క సంభావ్యత కావాలన్నా దాని పొడవును మొత్తం పొడవుతో భాగిస్తే సరి.

ఒక లెక్క చూద్దాం. 2012 ప్రాంతంలో మా బోరుకు రాత్రిపూట కరెంటు వచ్చేది. 10 దాటాక ఎప్పుడైనా రావచ్చు. 4 లోపల తప్పక వచ్చేది. నాన్న టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరే పడుకునేవాడు. ఏ వేళకైనా సమాన అవకాశమే అనుకుంటే సగటున 3 గంటలు కాచుకోవాలి. మొదటి గంటలో వచ్చే సంభావ్యత 1/6. ఒంటిగంట దాకా రాలేదనుకోండి, తరువాతి గంటకు అది 1/3 అవుతుంది. 3 దాకా రాకపోతే ఇక రావడం ఖాయం. అంటే కాచిన కొద్దీ ఆశ పెరుగుతుందన్నమాట. "ఇంతసేపు కాచి ఇప్పుడు పోతే ఎట్లారా?" అనే నాన్న మాటలో ఈ సూత్రమే ఉంది.

అదే మాట నాన్న వాన గురించీ అనేవాడు. 2023లో కేరళకే రుతుపవనాలు జూన్ 1కి బదులు 8న వచ్చాయి. "ఇన్నాళ్లు రాలేదు గదా, రేపో మాపో పడుతుంది" అని పొడి దుక్కిలోనే పత్తి గింజలు వేశాం. అవి మాడిపోయాయి. మళ్లీ విత్తనాలు కొనడానికి చేసిన అప్పు తీరడానికి ఏడాది పట్టింది.

తేడా ఎక్కడుంది? కరెంటుకు 4 గంటల గట్టు ఉంది; వానకు 'బి' లేదు. ఫలానా తేదీలోగా కురుస్తానని ఆకాశం మాటివ్వలేదు. గట్టు లేని చోట మడి లేదు, మడి లేని చోట ఈ లెక్కా లేదు. పరీక్షలో ఎ, బి ఎంతో ప్రశ్నపత్రమే చెబుతుంది. అన్ని వేళలకూ సమాన అవకాశమని కూడా అదే చెబుతుంది. బయట ఆ రెండూ మనమే విచారించుకోవాలి. సూత్రం రాయడం ఆ తర్వాతి పని.

సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. "అయితే వానకు కాచుకోవద్దంటావా?" అన్నాడు.

"కాచుకుందాం నాన్నా. గింజలు మాత్రం నేల తడిశాకే వేద్దాం."

ఆయన అవుననలేదు, కాదనలేదు. విత్తనాల సంచీ మాత్రం అటక మీదికి ఎక్కించాడు.