ప్రెస్ కార్డు ఉందా అని అడిగిండు

ఇయ్యాల పంట ముచ్చట కాదు. కొంచెం పెద్దగుంది, ఓపికతో చదవండి.

మొన్న మా చేను పక్క కుంటలకు మురికినీళ్లు వస్తుంటే ఫోన్‌ల వీడియో తీస్తున్న. బైకు మీద వచ్చిన ఒకాయన ఆగి, "ఏ చానల్ నీది? ప్రెస్ కార్డు ఉందా?" అన్నడు. లేదన్నా అన్న. "మరి నీకెందుకు?" అన్నడు. ఆ కుంట పక్క బోరు నీళ్లే మా పాలకూరకు పారుతయి. ఆ పాలకూర మీ ఇంట్లకే వస్తది. మనకు కాక ఇంకెవరికి?

మన రాజ్యాంగంల పత్రికలకని విడిగ ఏ అధికరణం లేదు. 19(1)(ఎ) ప్రతి పౌరునికి ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛల నుంచే పత్రికా స్వేచ్ఛ వచ్చింది. అక్రిడిటేషన్ కార్డు బస్ పాసుకు, సచివాలయం లోపలికి పోనీకె పనికొస్తది. అది నోరు తెరవనీకె లైసెన్సు కాదు.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌ల 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది పేద దళిత మహిళా రైతులు. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995ల తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్ల ఆయన ఒకరు. అయినా కమ్యూనిటీ రేడియో విత్తనం గురించి చెప్పొచ్చు, పాట పాడొచ్చు గాని, సొంతంగ వార్తలు చెప్పొద్దని కేంద్రం నిబంధన.

2025 మార్చిల ఒక పెద్దాయన ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో మీద యూట్యూబ్ చానల్ మహిళా జర్నలిస్టులు ఇద్దరిని హైదరాబాద్‌ల అరెస్టు చేసిండ్రు. ఆ వెంటనే శాసనసభల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జర్నలిస్టు అంటే ఎవరో తేల్చాలన్నరు. ఆ గీత సర్కారు గీస్తే అది ఎవరి దిక్కు వంగుతదో మీకు చెప్పే పనిలేదు.

ఊర్లల్ల విలేకర్ల కష్టం కూడ తెలుసు. చానామందికి జీతం ఉండది, యాడ్ కమీషనే బతుకు. మేడ్చల్, శామీర్‌పేటల యాడ్ అంటే వెంచర్లదే. యాడ్ ఇచ్చినోని మీద వార్త ఎట్ల రాస్తడు?

అయితే నా తప్పు కూడ చెప్పాలె. రెండేండ్ల కింద ఇసొంటి మురికినీళ్లే ఒక వెంచర్ నుంచి వస్తున్నయని లైవ్‌ల చెప్పేసిన. మస్తు మంది షేర్ చేసిండ్రు. కొందరు పోయి అక్కడి వాచ్‌మన్‌ను నానా మాటలన్నరు. తర్వాత నాలా వెంట నడిచి చూస్తే నీళ్లు వేరే దిక్కు నుంచి వస్తున్నయి. పోయి ఆయనకు మాఫీ అడిగిన. "మీరు ఒక్కమాట అడిగితే నేనే చూపిస్తుంటి పటేలా" అన్నడు. సవరణ వీడియో పెట్టిన గాని తప్పు చూసినోళ్లల్ల పదోవంతు కూడ దాన్ని చూడలే.

అప్పుడు అర్థమైంది. పేపర్ల రాసినదాన్ని ఇంకొకరు చూస్తరు, అవతలాయనను అడిగినవా అంటరు. నాకు లేనిది కార్డు కాదు, ఆ అడిగే మనిషి. పైగా ఇందుల నా చేను లాభం కూడ ఉంది, అది దాచొద్దు.

అందుకే మొన్నటి వీడియో ఇంకా పెట్టలే. ఆదివారం పొద్దుగాల ఆరింటికి నాలా వెంట మీదికి నడిచి చూస్త. శామీర్‌పేట దిక్కు ఉన్నోళ్లు ఎవరన్న తోడు రండి. నేను తప్పు చూస్తే తప్పని చెప్పనీకె ఒక మనిషి కావాలె.