రోషన్‌దాన్

మా ఇంటికొచ్చే స్నేహితులు కొందరు చెప్పులు విడుస్తూనే అంటారు, "ఇంత ఉక్కలో ఎట్లుంటరు భాయ్?" అని. కొందరు ఏమీ అనరు, చాయ్ సగం తాగి లేస్తారు. ఇంకొందరు ప్రగతిశీలురు. తలుపుకున్న పరదా వంక చూసి, "మీవాళ్లు కిటికీలెందుకు పెట్టుకోరు? అంతా మతం వల్లే గదా!" అని తేల్చేస్తారు. వాళ్లకు చెప్పాలనే ఇది రాస్తున్నాం.

వరంగల్ మండీబజార్ వెనక గల్లీలో మాది ఒకప్పుడు గూనపెంకుల ఇల్లు. దాదా కట్టించినప్పుడు ముందు దాలాన్, వెనక అర్రలు, నడుమ చిన్న వాకిలి ఉండేవి. వేడి పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. కొడుకులు పంచుకున్నాక వాకిలి మాయమైంది. పెంకులు పోయి స్లాబు వచ్చింది. మా వాటాకు పది పన్నెండు అడుగుల గది మిగిలింది. ముందు తలుపు, తలుపు పక్కన మూడడుగుల కిటికీ. 120 చదరపు అడుగుల గదికి పదో వంతైనా, అంటే 12 చదరపు అడుగులైనా, కిటికీ జాగా ఉండాలని ఇళ్లు కట్టేవాళ్ల లెక్క. మా కిటికీ 9 దగ్గరే ఆగింది. ఇందులో మతమెంత? పక్క గల్లీ పద్మశాలీల ఇళ్లూ ఇంతే ఇరుకు.

ఉన్న ఆ ఒక్క కిటికీ కూడా 1992 డిసెంబరులో పోయింది. అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చిన వారమే అబ్బా ఇటుకలు, సిమెంటు తెచ్చి చేతులారా మూసేశాడు. మా గల్లీలోకి ఎవరూ రాయి విసరలేదు. విసురుతారేమోనన్న భయం చాలు. ఆ భయం ఏ కేసుల్లోనూ, ఏ లెక్కల్లోనూ లేదు. మా ఇంట్లో మాత్రం గోడై నిలిచింది.

ఆ తర్వాత గాలి కోసం పడని పాట్లు లేవు. టేబుల్ ఫ్యాను పెడితే ఉన్న గాలినే తిప్పి మా మొహాన కొట్టేది. జుమేరాత్ సాయంత్రం అమ్మీ లోబాన్ వేసేది. వాసన బాగుండేది గానీ ఆ పొగ కూడా మా ఊపిరితిత్తుల్లోకే పోయేది. చలికాలం తలుపు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదని, నిద్రలోనే ప్రాణం తీస్తుందని తెలిశాక ఒళ్లు జలదరించింది.

ఊపిరాడకపోతే మగవాళ్లం హోటలుకో, మసీదు మెట్ల మీదికో పోయేవాళ్లం. అమ్మీ, ఆపా ఎక్కడికి పోతారు? ఆ గదిలోనే కూచుని జంపఖానాల నూలు కండెలు చుట్టేవాళ్లు. నూలు దుమ్ము వాళ్లే పీల్చేవాళ్లు. గల్లీలోవాళ్లు చూస్తారని తలుపుకు పరదా దించింది మేమే. కిటికీ మూయించింది బయటి భయం. పరదా దించింది మా మగపెత్తనం. మావాళ్లకు కష్టంగా ఉన్నా ఈ మాట చెప్పాల్సిందే.

కొన్నేళ్లకు ఆపాకు దగ్గు పట్టుకుంది. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగి బతికింది. మందులు రాస్తూ డాక్టరమ్మ అడిగింది, "ఇంట్లోకి గాలెట్లా వస్తుంది?" అని. మేం తలలు దించుకున్నాం. దగ్గినప్పుడు బయటికొచ్చిన టీబీ క్రిములు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతాయని, గాలి మారుతుంటే పలచబడతాయని ఆమే చెప్పింది. తలుపు ఒక్కటే తెరిస్తే చాలదు. గాలి రావడానికొకటి, పోవడానికొకటి తోవ ఉండాలి. వేడిగాలి పైనుంచి బయటికి పోతేనే కిందినుంచి చల్లగాలి ఆ జాగాలోకి వస్తుంది. పాత ఇళ్లలో కప్పు కింద రోషన్‌దాన్ పెట్టేది అందుకే. దాదాకు తెలిసిన ఆ సంగతి స్లాబు వేసిననాడు మేం మరిచిపోయాం.

వెనక గోడ అవతల పక్కింటి పెద్దమ్మ వాకిలి. అమ్మీ పోయి అడిగింది. "అక్కా, మీ దిక్కు గోడకు పైన చిన్న రోషన్‌దాన్ పెట్టుకుంటం. మీ ఇల్లేం కనవడదు." పెద్దమ్మ కొడుకు ఒప్పుకోలేదు. ఇయ్యాల గాలంటరు, రేపు జాగంటరు అన్నాడు. మూడు నెలలు నలిగింది. చివరికి పెద్దమ్మే అన్నది, "పిల్ల దగ్గు నాకు రాత్రంత వినవడ్తది. పెట్టుకోండ్రి. మీ పొయ్యి పొగ మాత్రం మా మీదికి రానీయకుండ్రి." అప్పట్నుంచి పొయ్యి తలుపు దగ్గరికి మారింది.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి కరోనాను మాకు అంటగట్టారు. మేం పీల్చి వదిలిన గాలి కూడా నేరమైంది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేసినట్టుందన్నది. ఆ తీర్పు మా గల్లీ దాకా ఎంతమందికి చేరిందో! అదే ఏడు డాక్టర్లంతా కిటికీలు తెరవమన్నారు. అబ్బా మూసిన ఇటుకల్ని మేం ఊడదీశాం.

ఇప్పుడు కిటికీకి చువ్వలున్నాయి. తలుపు పరదా పగలంతా పక్కకు తోసే ఉంటుంది. దాన్ని తోసింది మేం కాదు, ఆపా. రాయి భయం పోయిందా అంటే పోలేదు. ఊళ్లో ఏదైనా ఊరేగింపు ఉందంటే చెయ్యి రెక్కల మీదికి పోతుంది. అయినా తెరిచే ఉంచుతున్నాం. ఈసారి వచ్చినప్పుడు చాయ్ పూర్తిగా తాగి వెళ్లండి.