నాన్న ఒక్కచోటే అడిగాడు

ఆ కాగితాన్ని నాన్న ఇంకా దాచే ఉంచాడు. బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద, ఓ పాలిథిన్ కవర్లో. 2003లో తీసుకున్న ఈసీ అది. దాన్లో నాన్న కళ్లకు కనిపించిన మాట ఒక్కటే - ‘నిల్’. అంటే మేం కొనబోయే ఇంటి మీద ఏ అప్పూ లేదు, ఏ తనఖా లేదు అని!

అప్పుడు నేను ఏడో తరగతి. పాతబస్తీలో రెండు గదుల అద్దింట్లో ఐదుగురం ఉండేవాళ్లం. నాన్న పత్తర్‌గట్టీలో ఓ బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడు. పావలా తేడా వచ్చినా పుస్తకం మూసేవాడు కాదు. అలాంటి మనిషి ఇల్లు కొనేముందు చూసుకోకుండా ఉంటాడా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి అడిగాడు. అంతకుముందైతే ఈసీ కావాలంటే రోజుల తరబడి తిరగాల్సిందే. మనుషుల పేర్లకో ఇండెక్సు, ఆస్తులకో ఇండెక్సు... లావుపాటి పుస్తకాలు తిరగేసి వెతికేవాళ్లు. 1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లొచ్చాక ఆ పని నిమిషాల్లోకి దిగింది. నాన్న చేతికీ అలాగే వచ్చింది. సాయంత్రం మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చి ‘కంప్యూటరే చెప్పింది’ అన్నాడు. ఆ రాత్రి అమ్మ కొత్తింట్లో దేవుడి గూడు ఏ గోడకు పెట్టాలో కూడా నిర్ణయించేసింది.

నాలుగేళ్లు గడిచాయి. 2007లో ఓ మధ్యాహ్నం పెద్దమనిషొకాయన తలుపు కొట్టాడు. చేతిలో 1996 నాటి తనఖా దస్తావేజు. మాకు ఇల్లమ్మినాయన అప్పట్లో దాన్ని కుదవపెట్టి అప్పు తీసుకున్నాడు. తీర్చలేదు. మాకు చెప్పనూ లేదు.

నాన్న ఈసీ పట్టుకుని వకీలు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని, కాగితంలో ఓ మూల వేలు పెట్టి చూపించాడు - ఈ కార్యాలయ రికార్డుల ప్రకారం అని ఉంది. ‘అబద్ధం కాదు సార్ ఇది. ఈ ఆఫీసులో లేదన్నది నిజమే’ అన్నాడు. తిరకాసు అక్కడే ఉంది. మా ఇల్లున్న ప్రాంతం ఒకప్పుడు వేరే ఆఫీసు కింద ఉండేది. మధ్యలో విడిపోయి కొత్త ఆఫీసు కిందికొచ్చింది. పాత కాగితాలు పాత ఆఫీసులోనే ఉండిపోయాయి. అక్కడ కూడా అడగాలి. నాన్న అడగలేదు. పైగా రిజిస్టరైన దస్తావేజు సంగతి కొనేవాడికి తెలిసినట్టేనట... చట్టం అలాగే లెక్కేస్తుందట!

ఇల్లు నిలుపుకోవడానికి వేరేవాళ్ల అప్పు మేం తీర్చాం. అమ్మ గాజులు పోయాయి. నా ఇంజినీరింగుకని దాచిన డబ్బూ పోయింది. నేను మామూలు డిగ్రీలో చేరి, ఆ తర్వాత జర్నలిజం డిప్లొమా చేసి ఇటొచ్చాను. దానికి నాకు బాధ లేదు. కానీ నాన్న మారిపోయాడు. లెక్కల్లో తిరుగులేని మనిషి, కూరగాయల బండి దగ్గర చిల్లర కూడా రెండుసార్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... మొన్నామధ్య ఓ కథనం పని మీద మా గల్లీ దోస్తును పట్టుకున్నాను. రాయదుర్గంలో ఓ కంపెనీలో డేటాబేస్ ఇంజినీరు. ఆదివారం పొద్దున్నే చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో కూర్చున్నాం. ‘నువ్వు చేసేదేంటో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పు’ అన్నాను. వాడు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, ఎదురుగా లాడ్ బజార్ వైపు చూపించాడు.

‘పెళ్లికూతురికి ఫలానా రంగు, ఫలానా సైజు గాజులు కావాలనుకో. నువ్వొక్కడివే ఇరవై దుకాణాలు తిరిగితే పొద్దుగూకుతది. అదే ఇరవై మంది పోరగాళ్లను ఒక్కసారే ఇరవై దుకాణాలకు పంపినవనుకో? చాయ్ తాగేలోపు అందరూ వస్తరు. గదే మా పని.’

వాడు చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. కోట్ల వరుసల పట్టిక ఒక్క సర్వర్లో పట్టదు, పట్టినా వెతకడం ఆలస్యం. అందుకని ముక్కలు చేసి పది సర్వర్లకు పంచుతారు. క్లిక్‌హౌస్ అని ఓ డేటాబేస్ ఉంది. రష్యా కంపెనీ యాండెక్స్‌లో పుట్టింది. 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దాన్లో ముందు ప్రతి సర్వర్లోనూ ఒకే నమూనాలో ఓ స్థానిక పట్టిక తయారుచేస్తారు. ఏయే సర్వర్లు ఈ జట్టులో ఉన్నాయో ఓ జాబితా రాస్తారు. వాటన్నింటి మీదా ‘డిస్ట్రిబ్యూటెడ్ టేబుల్’ పెడతారు. తమాషా ఏంటంటే, ఈ పై పట్టికలో డేటా ఉండదు. దుకాణం బోర్డు లాంటిదన్నమాట! ప్రశ్న దాన్ని అడిగితే అది జాబితాలోని సర్వర్లన్నింటికీ ఒకేసారి పంపిస్తుంది. ఎవరి ముక్కలో వాళ్లు వెతికి జవాబిస్తారు. ప్రశ్న అందుకున్న సర్వర్ వాటిని కలిపి మనకిస్తుంది.

కలపడంలోనూ మెలకువ ఉంది. ఎన్ని అమ్మారంటే కూడితే చాలు. సగటు ధర అడిగితే? ఒక దుకాణంలో పది జతలు సగటున 100 రూపాయలకూ, ఇంకోదాంట్లో తొంభై జతలు 200కూ అమ్ముడుపోయాయనుకోండి. రెండు సగటుల సగటు 150. అసలు సగటు మాత్రం 190! అందుకే సర్వర్లు సగటును పంపవు. మొత్తమూ, లెక్కా విడివిడిగా పంపుతాయి. చివర్లో భాగిస్తారు. నాన్న వింటే మెచ్చుకునేవాడు.

దేన్ని బట్టి పంచాలన్నది మరో చిక్కు. వీధుల వారీగా పంచితే రంజాన్ నెలలో లాడ్ బజార్ ముక్క ఉబ్బిపోతుంది, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. అందరికంటే వెనకొచ్చే పోరగాడి కోసం పందొమ్మిది మందీ ఆగాల్సిందే. అందుకే బరువు సమానంగా పడేలా పంచుతారు. ప్రతి ముక్కకూ మరో సర్వర్లో నకలు ఉంచుతారు. ఒకటి పడిపోయినా రెండోది జవాబు చెబుతుంది.

‘మరి నకలు కూడా అందకపోతే?’ అనడిగాను.

‘మామూలుగా అయితే తప్పొచ్చిందని చెప్పి ఆగిపోతది. కానీ ఒక సెట్టింగు ఉంది. అందని ముక్కను వదిలేసి మిగతావాటితోనే జవాబియ్యమని. కొందరు పెడతరు. నేను పెట్టను. జవాబు రాకపోతే కోపమొస్తది. సగం జవాబొస్తే నమ్ముతం కదా యార్!’

నా చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది.

వాడు ఇంకో మాటన్నాడు. ‘పడిపోయిన సర్వర్ కంటే డేంజర్, జాబితాలో రాయడం మర్చిపోయిన సర్వర్. దాన్ని ఎవరూ అడగరు. తప్పు కూడా చూపియ్యదు. అంతా బరాబర్ ఉన్నట్టే ఉంటది.’ అందుకే కొత్త సర్వర్ చేర్చిన ప్రతిసారీ ముందు ప్రతి ముక్కలో ఎన్ని వరుసలున్నాయో విడివిడిగా లెక్కించి, పై పట్టిక చెప్పే మొత్తంతో సరిచూస్తాడట. ఆ తర్వాతే ఇంకో ప్రశ్న.

అప్పుడు చెప్పాను వాడికి మా ఇంటి కథ. ఇరవై ఏళ్ల స్నేహంలో మొదటిసారి. విని, కాసేపు ఏం మాట్లాడలేదు. ‘అంకుల్ తప్పేం లేదురా. జాబితా ఎవరూ ఇయ్యలే’ అన్నాడు.

నిజానికి ఈ చిక్కు కంప్యూటర్ల కంటే పాతది. ఒక దస్తావేజులోని ఆస్తి రెండు ఆఫీసుల పరిధిలో ఉంటే, రిజిస్టర్ చేసిన అధికారి రెండో ఆఫీసుకు మెమో పంపాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. పుస్తకాలు వేర్వేరు చోట్ల ఉంటే ఒకచోటి సంగతి ఇంకోచోట తెలియదని వాళ్లకు అప్పుడే తెలుసు. ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ వెతుక్కోవచ్చు. అయితే అందులో దొరికేది 1983 నుంచి ఉన్న వివరాలే. అంతకుముందువి కావాలంటే ఆఫీసు మెట్లెక్కాల్సిందే. ‘నిల్’ అని తెర మీద చూడగానే మిఠాయి కొనకండి. ఎక్కడ వెతికి, ఎప్పటి నుంచి వెతికి ఆ మాట చెప్పారో చూడండి.

ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని గాజుల కథంతా చెప్పాను. సర్వర్లు, జాబితా, మర్చిపోయిన ముక్క... అన్నీ. శ్రద్ధగా విన్నాడు. ‘అంటే, అంత చదువుకున్నోళ్లకు కూడా అయితదా ఇట్ల?’ అన్నాడు. అవుతుందన్నాను. ఏమీ అనకుండా లేచి బీరువా తీసి, ఆ కాగితాన్ని మళ్లీ ఒకసారి చూసుకున్నాడు.

ఈమధ్య తమ్ముడు శివార్లలో ప్లాటు చూస్తున్నాడు. ఫోన్లో ఈసీ తెరిచి ‘నాన్నా, క్లియర్‌గా ఉంది’ అని చూపించాడు. నాన్న ఫోన్ వైపు చూడలేదు. దిండు కింద నుంచి తెల్లకాగితం, పెన్ను తీశాడు.

‘ముందుగాల ఇది చెప్పు బిడ్డా... ఆ జాగ ఇంతకుముందు ఏయే ఆఫీసుల కింద ఉండె? వరుసగ చెప్పు, రాస్కుంట.’