పిట్స్‌బర్గ్‌లో ఆఖరి క్లాసు

పిట్స్‌బర్గ్ వెళ్ళొచ్చామంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "దర్శనం బాగా అయిందా?" అని. పెన్‌హిల్స్ కొండమీద వెంకటేశ్వరస్వామి, కింద పులిహోర, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. కొలంబస్‌లో ఉన్న మన కుటుంబాలకి ఆ ఊరంటే ఏళ్ళ తరబడి అంతే. మొన్న ఏప్రిల్ చివర మేము వెళ్ళింది మాత్రం గుడికి కాదు, బడికి. అక్కడ కెమిస్ట్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి, మాతో మాటమాత్రమైనా అనకుండా, "క్రియేటివ్ నాన్‌ఫిక్షన్" అనే రచన కోర్సు ఒకటి తీసుకుంది. ఆఖరి క్లాసులో పిల్లలు తాము రాసినవి చదువుతారు, పెద్దవాళ్ళూ రావచ్చునని కబురు.

ఫోర్ట్ పిట్ సొరంగం దాటగానే నదీ, వంతెనలూ, ఊరూ ఒక్కసారిగా కళ్ళముందుకొస్తాయి. మూడు గంటల ప్రయాణ బడలిక అక్కడ తీరిపోతుంది. ఓక్లాండ్ పేటలో దూరాన్నించే కనబడేది కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్. పేరు చూసి చర్చి అనుకోకండి, 42 అంతస్తుల కాలేజీ అది. 1926లో పని మొదలుపెట్టి 1937లో ముగించారు. బడిపిల్లలు కూడా తలా ఒక డైము చందా ఇచ్చారట. కింద కామన్స్ రూము నాలుగంతస్తుల ఎత్తు రాతి హాలు. అందులో అడుగుపెడితే ఎవరూ చెప్పకుండానే మన గొంతు తగ్గుతుంది. చుట్టూ దేశదేశాల పేరిట క్లాసు గదులున్నాయి. మన దేశపు గది నలందా విహారం నమూనాలో, ఎర్రటి ఇటుకలతో, 2000లో వచ్చింది. చూడ్డానికే కాదు, అందులో నిజంగా పాఠాలు చెబుతారు.

ఇంతకీ ఈ కోర్సు ఏమిటంటే, జరిగినదాన్నే, కల్పన కలపకుండా, కథ చెప్పినంత ఇంపుగా రాయడం. ఈ పేరుతోనే 1993లో పత్రిక పెట్టిన లీ గట్‌కైండ్ చాలాకాలం ఈ యూనివర్సిటీలోనే పాఠం చెప్పారు. మనకిది మరీ కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ చూసింది చూసినట్టు రాసుకుంటూ పోయారు. అది 1838లో అచ్చయింది. పాపం ఆయనకెవరూ క్రెడిట్లివ్వలేదు!

అమ్మాయి రాసింది మా గురించేనని ముందురోజు ఫోనులో తెలిసింది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత మేమిద్దరం ఒక్కసారే అనేశాం. 2011లో మా ఇద్దరిలో ఒకరి తండ్రి విజయవాడలో పోయారు. వీసా కాగితాలు చేతిలో లేక వెళ్ళలేకపోయాం. ఆ చలికాలం ఇంటికొచ్చిన చుట్టాలు గుడి చూస్తామంటే తీసుకెళ్ళి, ఏటిమైల గనక మేము కారులోనే కూర్చున్నాం. ఏడేళ్ళ పిల్ల వాళ్ళతో లోపలికి వెళ్ళి, పులిహోర పొట్లంతో మా దగ్గరికి తిరిగొచ్చింది. "నాన్న ఏడుస్తున్నాడు" అని మొదట రాసిందట. ఏడవలేదని ఇక్కణ్ణించి వాదన. వాళ్ళ పంతులమ్మగారి నియమం ఒకటుంది, కళ్ళతో చూసిందే రాయాలి, తెలియంది ఊహించి పూరించకూడదు. నిజంగా ఏం చూశావని ఆవిడ అడిగితే, పిల్ల ఆ వాక్యం కొట్టేసి, కారు అద్దాలకి ఆవిరి పట్టి లోపలివాళ్ళు కనబడలేదని రాసింది. ఏడ్చిందీ లేనిదీ ఇక్కడ మేమూ రాయం.

చదవమన్నాం. చదివింది. ఒక కుర్రాడు ఉక్కు కార్ఖానాలో పనిచేసిన తాతగారి గురించి చదివాడు, అదీ బాగుంది. తరవాత పంతులమ్మగారు అందరి దగ్గరా మొదటి చిత్తుప్రతీ, చివరి ప్రతీ, ఏది ఎందుకు మార్చారో చెప్పే కాగితమూ కలిపి తీసుకున్నారు. బిస్కట్లు తిని అందరం లేచాం. సోమవారం ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష ఉంది, బయల్దేరండని అమ్మాయి మమ్మల్ని తొందరపెట్టింది.

ప్రతి ఒకటి మాకిచ్చింది. విజయవాడలో ఉన్న మామ్మగారికి ఇంగ్లీషు రాదు. శనివారాలు ఫోనులో చదివి వినిపించడానికి తెలుగు చేస్తున్నాం. రెండు పేజీలయ్యాయి. కారు సంగతి మూడోదాంట్లో ఉంది.